ఎమర్సన్ వ్యాసాలు చదివితే ఇంగ్లిష్ మాటలు వస్తాయా?

క్లుప్తంగా: అమెరికన్ ట్రాన్సెండెంటలిస్టుల (మనిషి సత్యాన్ని తన లోపలి నుంచే నేరుగా పట్టుకోగలడని నమ్మిన 19వ శతాబ్దపు రచయితలు, ఎమర్సన్ వాళ్ళలో ముఖ్యుడు) వ్యాసాలు కొత్త మాటలు పోగేసుకోవడానికి అంత అనువైన చోటు కాదు. అరుదైన మాట అక్కడ ఒకసారి కనిపించి మాయమవుతుంది. కొన్ని మాటల అర్థం ఈ 180 ఏళ్ళలో మారిపోయింది. కానీ మాట లోపల ఏ బొమ్మ దాక్కుని ఉందో, బాగా తెలిసిన మాట కూడా ఎంత బరువు మోయగలదో చూపించడంలో వీటికి సాటి వచ్చేవి తక్కువ. ఈ రెంటికీ తేడా తెలియక మొదలుపెట్టినవాళ్ళే మూడో పేజీలో ఆపేస్తారు.

జీఆర్‌ఈకో శాట్‌కో (అమెరికాలో పీజీకి, డిగ్రీకి రాసే పరీక్షలు) తయారయ్యే పిల్లలకు సలహాలు రెండు రకాలుగా వస్తుంటాయి. వర్డ్ లిస్టు బట్టీ పట్టమనేవాళ్ళు కొందరు. లిస్టులు పక్కన పడేసి క్లాసిక్స్ చదవమనేవాళ్ళు కొందరు. ఈ రెండో రకం వాళ్ళు చెప్పే పేర్లలో రాల్ఫ్ వాల్డో ఎమర్సన్, హెన్రీ డేవిడ్ థోరో తరచుగా ఉంటారు. కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి వాళ్ళ రచనలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. సలహా పాటించడానికి పైసా ఖర్చు లేదు.

అమెరికాలో పిల్లలు హైస్కూల్లోనే, అమెరికన్ సాహిత్యం పాఠాల్లో భాగంగా వీళ్ళని కొంతైనా చదువుతారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీటెక్ చేసే విద్యార్థికి ఆ పరిచయం ఉండదు. 'సూపర్సీలియస్' అన్న మాట అతనికి ఏ వ్యాసంలోనూ తగలదు. సరాసరి లిస్టులోనే తగులుతుంది, పక్కన 'గర్వం గల' అని ఒక అర్థంతో. పొద్దున చదివింది సాయంత్రానికి గుర్తుండదు. అప్పుడు క్లాసిక్స్ సలహా గుర్తొస్తుంది. ఆ సలహా ఎంతవరకు నిజమో చూడాలంటే ముందు ఆ ఇంగ్లిష్ ఎలాంటిదో తెలియాలి.

కాంకర్డ్ ఇంగ్లిష్

మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కు దగ్గర్లో కాంకర్డ్ అని చిన్న ఊరు ఉంది. ట్రాన్సెండెంటలిస్టు ఉద్యమానికి అదే కేంద్రం. 1836లో ఎమర్సన్ 'నేచర్' అనే చిన్న పుస్తకం పేరు లేకుండా అచ్చు వేయించాడు. ఆ ఏడే కొందరు మిత్రులు కలిసి చర్చలు మొదలుపెట్టారు. 1840 నుంచి 1844 దాకా 'ది డయల్' అనే పత్రిక నడిచింది. దానికి మొదటి సంపాదకురాలు మార్గరెట్ ఫుల్లర్. ఎమర్సన్ 'సెల్ఫ్-రిలయన్స్' (తన మీద తాను ఆధారపడటం) వ్యాసం 1841లో, థోరో అడవిలో చెరువు గట్టున గుడిసె కట్టుకుని గడిపిన బతుకు గురించి రాసిన 'వాల్డెన్' 1854లో వచ్చాయి.

ఎమర్సన్ 1821లో, థోరో 1837లో హార్వర్డ్‌లో చదువు ముగించారు. ఆ రోజుల్లో అక్కడ లాటిన్, గ్రీకు తప్పనిసరి. అందుకే ఇంగ్లిష్ మాట రాస్తున్నా దాని లాటిన్ వేరు వాళ్ళ చెవిలో మోగుతూ ఉండేది. సంస్కృతం చదువుకున్న తెలుగు రచయితకు 'అతిక్రమణ' అన్నప్పుడు 'అడుగు దాటి వేయడం' అన్న అర్థం కూడా వినిపిస్తుంది కదా, అలాగన్నమాట.

రెండో సంగతి వేదిక. ఎమర్సన్ వ్యాసాల్లో చాలా భాగం ముందు ఉపన్యాసాలే. లైసియం అనే ప్రజా ఉపన్యాసాల ఉద్యమం మసాచుసెట్స్‌లోనే 1826లో మొదలైంది. ఎమర్సన్ జీవితంలో దాదాపు 1,500 ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆ సభలకు ప్రొఫెసర్లే కాదు, మామూలు ఊరి జనం కూడా వచ్చేవాళ్ళు. వాళ్ళ ముందు ఒట్టి లాటిన్ పనిచేయదు. అందుకే ఆయన వాక్యంలో గంభీరమైన లాటిన్ మాట పక్కన పల్లెటూరి మాట కూర్చుని ఉంటుంది. బుద్ధిలేని నిలకడ చిన్న మనసులకు పట్టిన బూచి అని ఆయన అన్న మాట చాలామంది వినే ఉంటారు. అందులో 'కన్సిస్టెన్సీ' లాటిన్ నుంచి వచ్చింది, 'హాబ్‌గాబ్లిన్' అమ్మమ్మలు పిల్లల్ని భయపెట్టే మాట. (ఈ వాక్యాన్ని ఎత్తి రాసేవాళ్ళు 'బుద్ధిలేని' అన్న విశేషణాన్ని వదిలేయడం మామూలు. అది పోతే ఎమర్సన్ నిలకడ మొత్తాన్నే తిట్టినట్టవుతుంది. ఆయన తిట్టింది ఒక రకం నిలకడని మాత్రమే.)

లెక్క ఎక్కడ తప్పుతుంది

'సెల్ఫ్-రిలయన్స్' దాదాపు పదివేల పదాల వ్యాసం. పక్కన ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లిష్ రచన చదివి అర్థం చేసుకోవాలంటే అందులోని మాటల్లో 98 శాతం ముందే తెలిసి ఉండాలన్నది భాషాబోధన పరిశోధనలో బాగా నిలబడిన అంచనా. అంటే యాభై మాటలకు ఒకటి తెలియకపోయినా పర్వాలేదు. మామూలు పుస్తకాలకు ఆ స్థాయి రావాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల పద కుటుంబాలు తెలిసి ఉండాలని న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో లెక్క కట్టాడు. పద కుటుంబం అంటే ఒక మూలపదం, దాని నుంచి వచ్చే రూపాలు.

98 శాతం తెలిసినవాడికి కూడా ఈ ఒక్క వ్యాసంలో రెండు వందల చోట్ల బ్రేకు పడుతుంది. 95 శాతమే తెలిస్తే అయిదు వందల చోట్ల. ఒక్కో మాటకు డిక్షనరీలో నిమిషం వేసుకున్నా ఎనిమిది గంటలు దాటుతుంది. అప్పటికి వ్యాసం ఏం చెప్పిందో మర్చిపోతాం.

అసలు ఇబ్బంది దీని తర్వాతది. చదువుతూ చదువుతూ ఒక మాట దానంతట అది మనసులో నాటుకోవాలంటే అది మళ్ళీ మళ్ళీ ఎదురుపడాలి. ఎన్నిసార్లు అన్నదాని మీద పరిశోధకుల అంచనాలు వేరువేరుగా ఉన్నా, ఒకటి రెండు సార్లు చాలదని అందరూ ఒప్పుకుంటారు. ఏ రచన తీసుకున్నా అందులోని వేర్వేరు మాటల్లో దాదాపు సగం ఒక్కసారే కనిపిస్తాయి. ఆ ఒక్కసారి కనిపించేవే మనం కష్టమైన మాటలు అనుకునేవి. మన చదువు అంతా బిచ్చమెత్తుకునే చదువు, భజన చదువు అని ఎమర్సన్ 'సెల్ఫ్-రిలయన్స్'లో ఒకచోట దెప్పుతాడు. అక్కడ వాడిన 'మెండికెంట్', 'సికొఫాంటిక్' రెండూ పరీక్షల లిస్టుల్లో ఉండే మాటలే. ఆ వాక్యం దాటాక అవి మళ్ళీ ఎప్పుడు తగులుతాయో చెప్పలేం. లిస్టు, ఫ్లాష్‌కార్డులు ఇక్కడే గెలుస్తాయి. రేపు, వారం తర్వాత, నెల తర్వాత అదే మాటను మళ్ళీ ముందుకు తేవడం వాటికి తేలిక.

ముందూ వెనకా చూసి ఊహించుకోవచ్చా

తెలియని మాటకు అర్థం చుట్టూ ఉన్న వాక్యాలే చెబుతాయని స్కూల్లో నేర్పుతారు. న్యూస్‌పేపర్ వార్తలో అది బాగానే నడుస్తుంది. ఎమర్సన్ దగ్గర సగమే నడుస్తుంది. కారణం ఆయన రాసే పద్ధతి. రోజూ డైరీల్లో విడివిడిగా ఆలోచనలు రాసుకునేవాడు, వాటికి ఇండెక్స్ తయారు చేసుకునేవాడు, ఉపన్యాసం కావాల్సినప్పుడు అందులోంచి ఏరి గుచ్చేవాడు. తన వాక్యాలు ఒకదాన్నొకటి నెట్టేసుకునే రేణువుల్లాంటివని మిత్రుడు, బ్రిటిష్ రచయిత కార్లైల్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నాడు. కాబట్టి 'ముందు వాక్యానికి ఇది కారణం, తర్వాతది ఫలితం' అన్న వరస కోసం వెతికితే దొరకదు.

మిగతా సగం మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒకే సంగతిని ఆయన అయిదారు రకాలుగా చెబుతాడు, పక్కపక్కనే విరుద్ధమైన మాటల జంటలు పెడతాడు. 'సెల్ఫ్-రిలయన్స్'లో సమాజాన్ని జాయింట్-స్టాక్ కంపెనీతో పోల్చిన చోటే చూడండి. సభ్యులందరూ ఎవరి రొట్టెకు వాళ్ళు ఢోకా లేకుండా చూసుకోవడం కోసం తమ స్వేచ్ఛను కంపెనీకి రాసిచ్చేస్తారట. అక్కడ అన్నిటికంటే గిరాకీ ఉన్న సద్గుణం కన్ఫార్మిటీ. సెల్ఫ్-రిలయన్స్ దానికి అవర్షన్. దానికి ఇష్టమైనవి నిజాలూ సృష్టికర్తలూ కాదు, పేర్లూ ఆచారాలూ.

'కన్ఫార్మిటీ' అర్థం తెలియనివాడికి కూడా ఇక్కడ నాలుగు ఆధారాలు దొరికాయి: స్వేచ్ఛ రాసివ్వడం, కంపెనీ, పేర్లు, ఆచారాలు. నలుగురితో పాటు తలాడించడం అని తేలిపోతుంది. 'అవర్షన్' దగ్గర ఇంకో చిన్న పాఠం ఉంది. లిస్టులో దానికి 'అయిష్టం' అని ఉంటుంది. ఇక్కడ అది అయిష్టం అన్న భావన కాదు, అయిష్టమైన వస్తువు. ఇంగ్లిష్‌లో ఈ వాడుక ఇప్పటికీ బతికే ఉంది. ఇలాంటివి లిస్టు ఇచ్చే ఒక్క ముక్క అర్థంలో పట్టవు.

మాటలోని బొమ్మ

'నేచర్' పుస్తకంలో భాష మీదే ఒక అధ్యాయం ఉంది. మాటలన్నీ మొదట ప్రకృతిలో కళ్ళకు కనిపించే వాటికి గుర్తులే, తర్వాతే మనసుకూ నీతికీ సంబంధించిన అర్థాలు వాటికి పట్టాయి అని ఎమర్సన్ వాదన. ఉదాహరణలు వరసగా ఇస్తాడు. 'రైట్' అంటే తిన్ననిది. 'రాంగ్' అంటే మెలితిరిగింది. 'స్పిరిట్' అంటే మొదట గాలి. 'ట్రాన్స్‌గ్రెషన్' అంటే గీత దాటడం. 'సూపర్సీలియస్' అంటే కనుబొమ్మ పైకెత్తడం. 1844లో వచ్చిన 'ది పొయెట్' వ్యాసంలో ఇదే సంగతిని ఇంకా పొట్టిగా అన్నాడు: భాష అంటే శిలాజమైపోయిన కవిత్వం.

ఈ అయిదు మాటలనూ తెలుగులో పెట్టి చూస్తే ఎమర్సన్ వాదన ఇంకా బలపడుతుంది. మంచివాణ్ణి 'సూటి మనిషి' అంటాం, చెడ్డవాడిది 'వంకర బుద్ధి' అంటాం. గాలి పీల్చే ఊపిరికీ జీవానికీ కలిపి 'ప్రాణం' అనే వాడతాం. 'ట్రాన్స్‌గ్రెషన్'లో 'ట్రాన్స్' అంటే అవతలికి, 'గ్రెస్' అంటే అడుగు వేయడం. 'అతిక్రమణ'లో 'అతి' అంటే దాటి, 'క్రమ' అంటే అడుగు వేయడం. ముక్కకు ముక్క సరిపోతుంది. ఇక 'సూపర్సీలియస్'లో కనుబొమ్మలు పైకి వెళ్ళాయి. తెలుగులో పొగరెక్కినవాడికి ఏకంగా కళ్ళే నెత్తికెక్కాయి. 'గర్వం గల' అని పదిసార్లు రాసుకున్నవాడి కంటే 'కళ్ళు నెత్తికెక్కినవాడు' అని ఒక్కసారి అనుకున్నవాడికి ఈ మాట ఎక్కువ కాలం గుర్తుంటుంది. కొత్త మాటను వేలాడదీయడానికి అతని దగ్గర ముందే ఒక కొయ్య ఉంది మరి.

థోరో ఈ ఆటను ఇంకా ఇష్టంగా ఆడతాడు. తాను అడవికి వెళ్ళింది 'డెలిబరేట్‌లీ' బతకడానికి అంటాడు. లిస్టు ప్రకారం 'ఉద్దేశపూర్వకంగా' అని అనువదిస్తే వాక్యం చచ్చిపోతుంది. ఆ మాట లాటిన్ 'లిబ్రా' నుంచి వచ్చింది, అంటే త్రాసు. తెలుగులో దానికి అచ్చంగా సరిపడే మాట 'ఆచితూచి'. అందులోనూ తూకమే ఉంది. అలాగే 'వాల్డెన్' చివర్లో, తన మాటలు సరిపడినంత 'ఎక్స్‌ట్రావగంట్'గా లేవేమోనన్నదే తన భయం అంటాడు. మధ్యలో గీత పెట్టి మాటను విరిచి మరీ రాస్తాడు: 'ఎక్స్‌ట్రా' అంటే బయట, 'వగంట్' అంటే తిరిగేది. దుబారా అన్న ఇప్పటి అర్థం పక్కకు పోయి, దొడ్డి కంచె దూకి బయట తిరిగే పశువు కళ్ళ ముందుకొస్తుంది. నిజంగానే అక్కడ థోరో అలాంటి ఆవును ప్రస్తావిస్తాడు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఈ మూలాల కథలన్నీ నిజం కావు. 'వాకింగ్' వ్యాసంలో థోరో 'సాంటర్', అంటే నింపాదిగా నడవడం, అన్న మాట పవిత్ర భూమికి అడుక్కుంటూ వెళ్ళే యాత్రికుల నుంచి పుట్టిందని చెబుతాడు. ఫ్రెంచ్‌లో 'సాంత్ తేర్' అంటే పవిత్ర భూమి కదా, అందుకని. కథ బాగుంటుంది. నేటి నిఘంటుకారులు ఒప్పుకోరు, ఆ మాట మూలం తేలలేదనే అంటారు. 'త్రిలింగ' నుంచి 'తెలుగు' వచ్చిందన్న కథ మనకు ఎంత ఇష్టమో, చాలామంది భాషావేత్తలకు దాని మీద ఎంత అనుమానమో, ఇదీ అలాంటిదే. గుర్తు పెట్టుకోవడానికి కథ చాలు. అర్థం ఖాయం చేసుకోవడానికి డిక్షనరీ చూడాలి.

తెలిసిన మాటే బోల్తా కొట్టించే చోట్లు

ఈ వ్యాసాల్లో నిజంగా కష్టమైనవి పొడవాటి మాటలు కాదు. అవి తెలియవని తెలుసు కాబట్టి ఆగి వెతుకుతాం. తెలుసు అనుకున్న మాట దగ్గర ఎవరూ ఆగరు.

బూచి వాక్యం చివర్లో ఆ బుద్ధిలేని నిలకడను కొలిచేది చిన్న రాజకీయులు, తత్వవేత్తలు, 'డివైన్స్' అని ఉంటుంది. డివైన్ అంటే దైవికం అని చిన్నప్పటి నుంచి తెలుసు. ఇక్కడ మాత్రం అది నామవాచకం, చర్చి మతగురువులు అని అర్థం. ఎమర్సన్ తానే కొంతకాలం చర్చిలో పనిచేసి 1832లో బయటికి వచ్చినవాడు, ఆ దెబ్బ ఎవరికో అప్పటి శ్రోతలకు తెలుసు.

'వాల్డెన్' మొదటి అధ్యాయం పేరు 'ఎకానమీ'. ఆర్థిక వ్యవస్థ గురించి అనుకుని మొదలుపెట్టినవాడికి చెక్కలు, మేకులు, సున్నం ధరల పట్టిక కనిపిస్తుంది. చెరువు గట్టున తాను కట్టుకున్న గుడిసెకు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అయిందని థోరో పద్దు రాసి చూపిస్తాడు. గ్రీకులో 'ఓయ్కోస్' అంటే ఇల్లు, 'ఎకానమీ' అంటే మొదట ఇల్లు గడిపే పద్ధతి. దేశాల జీడీపీ దాకా ఎదిగిన మాటను ఆయన మళ్ళీ గుమ్మం లోపలికి లాక్కొచ్చాడు.

అదే అధ్యాయంలో 'రెజిగ్నేషన్' అన్న మాట వస్తుంది. ఎక్కువమంది బయటపడని నిరాశతో బతుకు ఈడుస్తున్నారు, రెజిగ్నేషన్ అనేది గట్టిపడిన నిరాశే అంటాడు. ఉద్యోగం మానేయడం అని చదివితే అర్థమే ఉండదు. అక్కడ దాని అర్థం 'ఇంతే లెమ్మని రాజీపడటం'. చిత్రం ఏమిటంటే మనం వాడే 'రాజీనామా'లో కూడా ముందున్నది ఆ 'రాజీ'యే. పారశీకంలో అది ఒప్పుదల పత్రం.

అన్నిటికంటే లోతైన గుంట 'రీజన్'. తర్కం, వివేచన అని మనకు అలవాటు. ఎమర్సన్ దగ్గర పెద్ద అక్షరంతో రాసిన 'రీజన్' తర్కానికి అవతలిది. మధ్యలో మెట్లేమీ లేకుండా సత్యాన్ని నేరుగా పట్టుకునే శక్తి అది. లెక్కలు వేసే, బేరీజు వేసే తెలివికి ఆయన 'అండర్‌స్టాండింగ్' అనే పేరు పెట్టాడు. ఈ విభజన జర్మన్ తత్వవేత్త కాంట్ దగ్గర మొదలై, ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ చేతిలో రంగు మారి, 1829లో అమెరికాలో అచ్చయిన కోల్‌రిడ్జ్ పుస్తకం ద్వారా వీళ్ళకు చేరింది. ఇది తెలియకుండా చదివితే వాక్యానికి తలకిందుల అర్థం వస్తుంది. ఏ వర్డ్ లిస్టూ ఈ ప్రమాదం నుంచి కాపాడదు, ఎందుకంటే 'రీజన్' ఏ లిస్టులోనూ ఉండదు.

పరీక్షకు పనికొచ్చేది ఎంత

2011 ఆగస్టుకు ముందు జీఆర్‌ఈలో వ్యతిరేక పదాలు, పదాల పోలికలు అడిగేవాళ్ళు. లిస్టు బట్టీకి నేరుగా మార్కులు పడేవి. తర్వాత ఆ రెండూ తీసేసి వాక్యంలో ఖాళీలు పూరించే ప్రశ్నలు పెంచారు. శాట్ 2016లో అదే దారి పట్టింది, అరుదైన మాటలు తగ్గించి, ఇచ్చిన సందర్భంలో మాట అర్థం ఏమిటని అడగడం మొదలుపెట్టింది. తెలిసిన మాటకు తెలియని అర్థం పట్టుకోవడం కొత్త పద్ధతిలో పెద్ద భాగం. ఎమర్సన్, థోరో నేర్పేదీ అదే కాబట్టి ఆ మేరకు ఉపయోగం ఉంది. రెండు నెలల్లో పరీక్ష ఉన్నవాడికి మాత్రం ఇది దారి కాదు. టెన్షన్‌లో ఎమర్సన్ అసలు తలకెక్కడు.

రాయడంలో ఇంకో తలనొప్పి ఉంది. 'హూసో' (ఎవరైతే), 'దైసెల్ఫ్' (నిన్ను నువ్వే) లాంటి పాతబడిన రూపాలు, మూడు పంక్తుల వాక్యాలు చదవడానికే. వాటిని పరీక్ష వ్యాసంలో దించితే, గ్రాంథికంలో లీవ్ లెటర్ రాసినట్టు ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

కొత్తవాళ్ళకు ఎమర్సన్ కంటే థోరో నయం. ఆయన దగ్గర గుడిసె, చిక్కుడు చేను, చెరువు, చీమల యుద్ధం ఉన్నాయి. తెలియని మాట వచ్చినా కళ్ళ ముందు వస్తువు ఉంటుంది. పన్ను కట్టనందుకు 1846లో ఒక రాత్రి జైల్లో ఉన్న అనుభవం నుంచి రాసిన 'సివిల్ డిసొబీడియన్స్' కూడా వాదన వరసగా సాగే వ్యాసమే. గాంధీ మీద దాని ప్రభావం గురించి చదివినవాళ్ళకు సగం సంగతి ముందే తెలిసి ఉంటుంది. ఆ తర్వాత 'సెల్ఫ్-రిలయన్స్'లో రోజుకు ఒక పేరా, అందులో మూడు మాటలు చాలు. ఆ మూడింటినీ వారంలోపు వేరేచోట, ఇప్పటి ఇంగ్లిష్ పేపర్లోనో పత్రికలోనో, మళ్ళీ పట్టుకోవాలి. అక్కడ కనిపించిన మాట బతికున్నట్టు. ఎంతకీ కనిపించకపోతే దాన్ని అర్థం తెలుసుకుని వదిలేయొచ్చు.

ఎమర్సన్ రాసిన 'ది ఓవర్-సోల్' పేరు చూడగానే తెలుగువాళ్ళకు పరమాత్మ గుర్తుకొస్తాడు. పోలిక సాయం చేస్తుంది కానీ దాన్ని అనువాదం అనుకోకూడదు. ఆ వ్యాసం 1841 నాటిది, విల్కిన్స్ ఇంగ్లిష్‌లోకి తెచ్చిన భగవద్గీత ఎమర్సన్ చేతికి వచ్చింది 1845లో. థోరో మాత్రం గీత చదివాకే 'వాల్డెన్' పూర్తి చేశాడు. పొద్దున్నే తన బుద్ధికి గీతలో స్నానం చేయిస్తానని అందులో రాశాడు.

ఆ మాట వచ్చేది, చెరువు మీద మంచుగడ్డ కోసే కూలీల గురించి చెప్పే చోట. 1846-47 చలికాలంలో వాళ్ళు వాల్డెన్ చెరువు మీదికి దిగారు. బోస్టన్ నుంచి మంచు అప్పటికే ఓడల్లో కలకత్తాకూ మద్రాసుకూ వస్తోంది. మద్రాసు సముద్రపు ఒడ్డున దాన్ని దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. మద్రాసు, బొంబాయి, కలకత్తా జనం తన బావిలో నీళ్ళు తాగుతున్నారని థోరో సంబరపడతాడు. ఆ జనానికి ఆయన తగిలించిన విశేషణం 'స్వెల్టరింగ్'. డిక్షనరీలో దానికి 'ఉక్కపోతతో అల్లాడే' అని ఉంటుంది. పాత ఇంగ్లిష్‌లో దాని మూలపదానికి అర్థం చచ్చిపోవడం. మే నెలలో కరెంటు పోయినప్పుడు బెజవాడలో ఎవరిని కదిపినా అదే అంటారు: ఉక్కకి చచ్చిపోతున్నాం.